బావమరిది పేర రాసిన కొట్టు

అప్పులు తీర్చలేనని సోఫా మేస్త్రీ కోర్టులో ఐపీ పెట్టబోతున్నాడని తెలిసి వీధంతా ముక్కున వేలేసుకుంది. చేతిలో పనున్న మనిషికి ఇదేం పొయ్యేకాలమన్నారు. అనేవాళ్ళకేం, ఎన్నైనా అంటారు! అప్పు తెచ్చి సినిమాహాలు కుర్చీలన్నిటికీ కొత్త రెక్సిను వేస్తే, పైసా ఇవ్వకుండా ఓనరు హాలు మూసేసి ఉడాయించాడు. అప్పు మాత్రం మేస్త్రీ మెడకు చుట్టుకుంది.

అప్పుడు దిగాడు సలహాలిచ్చే బావమరిది. "ముందు కొట్టు నా పేర రాసెయ్ బావా. ఆర్నెల్లాగి ఐపీ పెట్టు. గొడవ సద్దుమణిగాక నీది నీకిచ్చేస్తా," అన్నాడు. మేస్త్రీ నమ్మాడు. నమ్మక చస్తాడా, పెళ్ళాం తోడబుట్టినవాడు మరి! రాసిచ్చిన వారానికే బోర్డు మారింది. నెల తిరిగేసరికి సొంత కొట్లోనే మేస్త్రీ కూలివాడయ్యాడు. ఓ రోజు బేరానికొచ్చిన నలుగురి ముందు, "ఆలస్యంగా వస్తే జీతం కోస్తా బావా," అని పళ్ళికిలించాడు వాడు. ఆ రోజు నుంచీ మేస్త్రీకి అన్నం సహించలేదు.

ఆర్నెల్లయ్యాక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ విడమరిచి చెప్పింది. "ఎవరికెంత బాకీ, మీకేం ఆస్తుంది, అన్నీ రాయాలి. ఈ రెండేళ్ళలో బంధువుల పేర ఏదైనా పెట్టారా? దాస్తే శిక్ష పడుతుంది. చెబితే కోర్టు ఆ రాతకోతలు రద్దు చేసి, అమ్మి, అప్పులవాళ్ళకు పంచుతుంది."

"అంటే మావాడి చేతిలోంచి లాగేస్తారా?"

"లాగేస్తారు. అలాగని మీకూ రాదు."

"నాకెందుకమ్మా! వాడికి దక్కకపోతే చాలు. రాసుకోండి," అన్నాడు మేస్త్రీ. ఎన్నాళ్ళకో అతనికి ఆకలేసింది.

సంగతి తెలిసి బావమరిది లబోదిబోమంటూ వచ్చాడు. సగం ఇస్తానన్నాడు, కాళ్ళు పట్టుకుంటానన్నాడు. "ఆలస్యమైపోయిందిరా," అని మేస్త్రీ తలుపేసుకున్నాడు.

కోర్టువాళ్ళు కొట్టుకు సీలు వేయడానికి వచ్చారు. మేస్త్రీకి కడుపు చల్లబడింది, నిజమే. కానీ తన చేత్తో బిగించుకున్న తలుపది, ఓసారి తడిమి పక్కకు జరిగాడు. "పనిముట్లు మీవే, పట్టుకుపోండి. వాటి జోలికి మేం రాం," అన్నాడు కోర్టు గుమాస్తా.

మేస్త్రీ భార్య లోపలికెళ్ళి కుట్టుమిషను గడప దాకా లాక్కొచ్చింది. తమ్ముడు ఎదురెళ్ళాడు. "అక్కా, నీ మొగుడు నన్ను బజారుకీడ్చాడే! నువ్వైనా ఓ మాట చెప్పవే."

"చెప్తాలే. ముందు ఇది మోసిపెట్టరా, మీ బావకి నడుం నొప్పి," అంది ఆవిడ.

వీధి వీధంతా చూస్తుండగా, వాడు ఆశకొద్దీ మిషనెత్తుకుని ముందు నడిచాడు. మేస్త్రీవాళ్ళది మూడో అంతస్తు. పైదాకా మోయించి, మిషను లోపలికి తీసుకుని, తమ్ముడి ముఖం మీదే తలుపేసింది ఆవిడ.