రాగాలను అతికించిన మనిషి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్టు కుట్టించుకోవడానికి టైలరు కొట్టులో కూర్చున్నాను. ఆయన ఒక పాత పట్టుచీర అంచును రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది సర్రున చిరిగింది. పట్టు చిరిగే చప్పుడు వింటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాకు మాత్రం ఒళ్ళంతా సంబరం పాకుతుంది. ఎందుకంటే ఆ చప్పుడుతోనే వసుంధర గారు నా జీవితంలోకి వచ్చారు.

అప్పుడు నేను బీకాం మొదటి సంవత్సరంలో ఉన్నాను. మాది నల్లగొండ పక్క పల్లె. నాన్న సిటీ బస్సులో కండక్టరు. కొత్తపేటలో ఒక మూడంతస్తుల ఇంట్లో వెనక పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. రెండో అంతస్తులో వసుంధర గారు, బ్యాంకులో పనిచేసే ఆవిడ భర్త మూర్తి గారు ఉండేవారు. వాళ్ళది రాజమండ్రి వైపు. ఒకరోజు నీళ్ళ మోటారు తాళంచెవి ఇవ్వడానికి పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. టేప్‌రికార్డర్‌లో వీణ మోగుతోంది. యాభై ఏళ్ళావిడ నేల మీద చతికిలబడి ఆకుపచ్చ పట్టుచీరను పంటితో కొరికి చింపుతున్నారు. నేనెవరో కూడా అడగలేదు. "అమ్మాయ్, ఈ కొస పట్టుకో, త్వరగా. వీణలో ఆ సంగతి కాస్తా వెళ్ళిపోతోంది" అన్నారు. పట్టుకున్నాను. గుడ్డను ముడతలు ముడతలుగా నొక్కి, బంక పూసిన చెక్క మీద అంటించేశారు. వీణ ఆగాక గానీ నా పేరు అడగలేదు.

పెళ్ళికి ముందు ఆవిడ వీణ బాగా నేర్చుకున్నారట. తర్వాత కీళ్ళనొప్పులతో వేళ్ళు బిగుసుకుపోయి వాయించడం ఆగిపోయింది. వినడం మాత్రం ఆగలేదు. విన్నది ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నిద్ర పట్టేది కాదని చెప్పేవారు. మొదట రంగులతో ప్రయత్నించారు, కుదరలేదు. "స్వరం ఒకచోట నిలబడదే, ఊగుతుంది. కుంచెతో గీస్తే చచ్చిపోతోంది, గుడ్డ ముడతపెడితే బతుకుతోంది" అన్నారు నాతో. అందుకని పాత పట్టు, తెగిన వీణ తీగలు, ఇసుక, పసుపు, రాగిరేకు, చింతగింజల బంక, ఏది చేతికి అందితే అది. ఒక్కో రాగానికి తలుపు రెక్కంత చెక్క. మూర్తి గారు వాటిని అతుకుల బొమ్మలనేవారు. మా ఇంట్లో సంతోషం కూడా నెమ్మదిగానే పడాలి. గట్టిగా నవ్వితే అమ్మ కళ్ళతోనే ఆపేది. పైన మాత్రం, ఇసుకలో పసుపు కలిసి అనుకున్న రంగు రాగానే ఆ పెద్దావిడ చప్పట్లు కొట్టి గదంతా తిరిగేవారు. పెద్దవాళ్ళు కూడా ఇలా ఉండొచ్చునా అని నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆ ఏడాదే తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైంది. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు ఆగాయి. నాన్న సమ్మెకు దిగి, మా వీధి చివర వేసిన దీక్షా శిబిరంలో రోజూ కూర్చునేవాడు. నాకు చదువు లేదు కాబట్టి పొద్దున్నే పైకి వెళ్ళి బంక కాచేదాన్ని. ఒకనాడు అన్నం తింటూ నాన్న నావైపు చూడకుండానే అన్నాడు, "పైన గా ఇంటికి రోజు పోవుడు జరూరా బిడ్డా? దినాలు మంచిగ లేవు." మర్నాడూ నేను పైకి వెళ్ళాను. పైన మూర్తి గారి భయం మూర్తి గారిది. పగలు కూడా తలుపు గడియ పెట్టించేవారు. రాజమండ్రికి బదిలీ అడుగుదామని భార్యతో అనేవారు. ఆవిడకు అవేవీ ఎక్కేవి కావు. ఆవిడ బాధంతా కల్యాణి రాగంతోనే. మోహన అయింది, భైరవి అయింది. కల్యాణి మాత్రం ఎన్నిసార్లు అతికించినా పడుకున్నట్టే ఉంటోందని పీకేస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం కల్యాణి ఆలాపన నడుస్తుండగా శిబిరంలో డప్పు మొదలైంది. కిటికీ మూయడానికి లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, టేపు కట్టేశారు. తల కొంచెం వంచి విన్నారు. కళ్ళు మెరిశాయి. చెప్పులు వేసుకుని గబగబా మెట్లు దిగిపోయారు. నేను వెనకే పరిగెత్తాను. ఆవిడ నోరు విప్పితే చాలు, ఎక్కడివారో తెలిసిపోతుంది.

శిబిరం ముందు నిలబడి ఆవిడ మా నాన్ననే అడిగారు. "అన్నయ్యగారూ, ఆ వాయిద్యం దగ్గర్నుంచి వినాలని ఉంది. కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?" వెనక ఎవరో ఏదో గొణిగారు. నాన్న నన్ను చూశాడు, ఆవిడను చూశాడు. లేచి తన కింది గోనెపట్టాను ఆవిడ వైపు జరిపాడు. "కూసోండ్రి అమ్మా. ఇనేటందుకు అడుగుడెందుకు?" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. డప్పు కొట్టే యాదగిరి నిప్పు మీద తోలు కాచుతుంటే దగ్గరికి వెళ్ళి చూశారు. వెళ్ళేముందు, పగిలిన తోలు ఉంటే ఇస్తారా అని మొహమాటం లేకుండా అడిగారు. మర్నాడు అతనే తెచ్చి మా గుమ్మంలో ఇచ్చాడు.

ఆ తోలు కల్యాణి నడిమధ్యకు చేరింది. దాని అంచు నుంచి ఆకుపచ్చ పట్టు మడతలు పైకి లేచాయి. మేమిద్దరం దూరం జరిగి చూశాం. పడుకున్నది లేచి నిలబడింది. ఆవిడ నన్ను కావలించుకున్నారు, ఇద్దరి బట్టలూ బంకే.

ఎల్‌బీనగర్‌లో ఒక సంగీత సభవారు తమ కచేరీలప్పుడు ఈ బొమ్మలు పెడతామని అప్పటికే మాటిచ్చి ఉన్నారు. వారి పెద్దాయన చూడటానికి వచ్చి, అది శిబిరం డప్పు తోలని తెలిసి కల్యాణి ముందు ఆగిపోయారు. ఈ రోజుల్లో ఇది పెడితే ఇటువాళ్ళూ ఊరుకోరు, అటువాళ్ళూ ఊరుకోరు, ఆ తోలు తీసేయమన్నారు. "తీస్తే కల్యాణి మళ్ళీ పడుకుంటుందండీ" అన్నారు వసుంధర గారు. ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. ఇక సభలో బొమ్మలు పెట్టడం లేదు. ఆవిడ కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆవిడ అలా ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. అప్పుడు, ఇన్నాళ్ళూ గడియలు బిగించిన మూర్తి గారు మెల్లగా అన్నారు, "కింద బండ్లు పెట్టే జాగా ఉంది కదా. నేను కారు బయట పెడతాను."

ఆదివారం పొద్దున్న ఆయనే నిచ్చెన ఎక్కి మేకులు కొట్టారు. నేనూ ఆవిడా బొమ్మలు మోసుకొచ్చాం. టేప్‌రికార్డర్ నడుమ పెట్టాం. బస్సుల్లేవు కాబట్టి అందరూ నడిచే వచ్చారు. సరూర్‌నగర్ నుంచి ఆవిడ వీణ స్నేహితురాళ్ళు, మా కాలనీ వాళ్ళు, ఎండ తగ్గాక శిబిరంలోని వాళ్ళు. ముట్టుకోవద్దని ఎవరికీ చెప్పలేదు, ముట్టుకోమనే చెప్పారు. యాదగిరి తన తోలును గుర్తుపట్టి భార్యకు చూపించాడు. నాన్న కల్యాణి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తోలు మీద వేలు పెట్టి, అలాగే పట్టు మడతల మీదుగా పైకి జరిపాడు. "నాకు సంగీతం రాదు మేడమ్. గని గీడ చెయ్యి పెడితే ఊగినట్టయితున్నది" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అంతేనండీ, ఇంకేమీ లేదు" అన్నారు. ఈ గుడ్డ ఎవరు అతికించారని నాన్న అడిగితే నన్ను చూపించారు. నాన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కాలేజీలు తెరిచాక, నేను బీకాం మానేసి బొమ్మల చదువుకు పోతానంటే ఇంట్లో గొడవ జరగలేదు. ప్రవేశపరీక్షకు నాన్నే తీసుకువెళ్ళాడు.

రాష్ట్రం వచ్చింది. పైనవాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. వసుంధర గారు చివరి నెలల వరకూ ఏదో ఒక చెక్క ముందు కూర్చుని, ఆ ఇంట్లోనే పోయారు. నేనిప్పుడు నాగోల్‌లో ఉంటున్నాను, నా బొమ్మలు నేను చేసుకుంటున్నాను. ఓపిక నేర్పిన గురువులు తర్వాత చాలామందే దొరికారు. వాళ్ళందరికీ దణ్ణం. ఆత్రం నేర్పింది మాత్రం ఆవిడ ఒక్కరే. నచ్చిన దాని వెంట చెప్పులేసుకుని పరిగెత్తడంలో సిగ్గేమీ లేదని ఆవిడను చూశాకే తెలిసింది. ఇవాళ పొద్దున్న ఒక రాగం సగంలో ఉండగా పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఇంట్లోవాళ్ళు కోప్పడ్డారు. చేతినిండా బంకతో నేను నవ్వుతూనే ఉన్నాను.