పీట మీద కాళ్ళు

సోఫా ముందు మెత్తని పీట వేసుకుని, దానిమీద కాళ్ళు చాపుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొట్టివాళ్ళు కుర్చీలో కాళ్ళు వేలాడకుండా వేసుకుంటారు, ఆసుపత్రిలో మంచం ఎక్కడానికి వేస్తారు. వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మా మేస్టారి కాళ్ళతో.

తొంభైల్లో సంగతి. అరకు దగ్గర డుంబ్రిగుడ నుంచి కొండెక్కి నడిచి రావాల్సిన ఊరు మాది. మా ఇంట్లో పనసచెక్క పీట ఒక్కటే ఉండేది. ఎవరొచ్చినా కూర్చోమని అదే వేసేవాళ్ళం, మేము నేలమీద కూర్చునేవాళ్ళం. నాకు ఐదో తరగతి చెప్పే మేస్టారు కింద మైదానం నుంచి వచ్చిన మనిషి. ఓ సంతరోజు మా ఇంటికొస్తే నానమ్మ పీట వేసింది. ఆయన వెళ్ళి మంచంమీద కూర్చున్నాడు. పీటను ముందుకు లాక్కుని రెండు కాళ్ళూ దానిమీద పెట్టాడు.

పీటమీద కాళ్ళు పెట్టే మనిషిని నానమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు. కాళ్ళకేదో అయిందనుకుంది.

“ఏటయింది బాబూ కాళ్ళకి? బెణికినాయా?”

“మీ కొండలెక్కి దిగలేక పీకేస్తున్నాయిలే,” అన్నాడాయన.

నానమ్మ వలిసె నూనె వెచ్చచేసి తెచ్చి, కింద కూర్చుని ఆయన పాదాలకు రాసింది. ఆయన కళ్ళు మూసుకుని రాయించుకున్నాడు. మర్నాడు పొద్దున బడి వెనక వాలీబాల్ ఆడుతూ ఎగిరెగిరి కొడుతున్నాడు. నేను చూశాను.

ఆ తర్వాత ప్రతి సంతకూ వచ్చేవాడు. పీట తానే లాక్కునేవాడు. నానమ్మ నూనె వెచ్చచేసేది.

నేను నోరు మెదపలేదు. అరకులో హాస్టల్ బడికి వెళ్ళాలంటే నా ఫారం మీద ఆయన సంతకం కావాలి. ఆ ఫారం ఆయన సంచిలోనే ఉంది. అడిగినప్పుడల్లా “చూద్దాంలే” అనేవాడు. ఆ పాదాలమీద మరుగుతున్న నూనె పొయ్యాలనిపించేది. గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుకునేదాన్ని.

చివరికి ఓ రోజు, నూనె రాయించుకున్నాకే, సంతకం పెట్టి ఫారం నా చేతికిచ్చాడు. ఆయన వాలు దిగి కనుమరుగయ్యేదాకా ఆగి నానమ్మకు చెప్పేశాను.

“నానమ్మా, ఆయన కాళ్ళకేటీ నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. నిన్ను ఆడించినాడు.”

నానమ్మ చేతులకున్న నూనెను మోకాళ్ళకు రాసుకుంటోంది. నొప్పులున్నది ఆవిడకే.

“తెలుసు,” అంది. “రెండో సంతకే తెలిసిపోనాది. నువ్వు ఉండబట్టలేక ఆ బాబు మొకం మీదే అనేత్తావేమోనని, సంతకం పెట్టడేమోనని, నాను రోజూ బయపడి సచ్చినాను గుంటా.”