వణికిన గంటలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు హనుమకొండలోని మా క్లినిక్‌కి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. నేను ఆడియాలజిస్టును. చెవి ఎంతవరకు వింటుందో పరీక్షించి, అవసరమైన వాళ్లకు హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. టీవీ వినబడడం లేదనో, ఫోన్లో మాట తెలియడం లేదనో చెప్పేవాళ్లే ఎక్కువగా వస్తారు. సాంబయ్య గారు మాత్రం జేబులోంచి రెండు హియరింగ్ ఎయిడ్‌లు తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఇవి పెట్టుకుంటే మాటలు మంచిగనే వినవడుతున్నయి మేడమ్. గంటలే ఖరాబైతున్నయి."

"ఏ గంటలు?"

కూతురు లత చెప్పింది. సంగీతం చదువుకున్న ఆమె గంటలతో కొత్త రకం సంగీతం కూరుస్తుంది. అందులో పాట ఉండదు, తాళం ఉండదు. వెదురు చట్రానికి ఎడ్ల మెడగంటలు, మేకల గంటలు, పూజగంటలు, ఇత్తడి పళ్లాలు వేలాడదీస్తారు. ఒకటి కొట్టి, దాని మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, అప్పుడు ఇంకొకటి కొట్టాలి. ఆ ఆగడంలోనే ఉంది సంగీతమంతా.

బతుకంతా పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసిన సాంబయ్య గారు మొదట చట్రానికి గంటలు కట్టి ఇవ్వడానికి వెళ్లి, చివరికి వాటిని వాయించే మనిషయ్యారు. షెడ్డులోని మోత ఆయన చెవిలో సన్నని శబ్దాలను తినేసింది. గంట ఇంకా మోగుతుండగానే, అణిగిందనుకుని తర్వాతది కొట్టేసేవారు. వేరేచోట చెవులకు ఈ మెషిన్లు పెట్టించుకుంటే కొత్త బాధ మొదలైంది.

"గంట వణుకుతాంది మేడమ్, జరమొచ్చినోని లెక్క. అలవాటైతే పోతదన్నరు. పోలే. నెలాఖరుకు ప్రోగ్రామున్నది. వేరేటోళ్లను పెట్టుకో బిడ్డా అంటే వింటలేదు."

"బాపు లేకుంటే నేను ఆ మ్యూజిక్ పీసే చెయ్య," అంది లత.

"నా ఒక్కని కోసం నీ కష్టమంత పాడుచేసుకుంటవా?"

గంటలు తెమ్మన్నాను. మర్నాడు బియ్యం సంచిలో వేసుకుని తెచ్చారు. సంచి దించగానే వచ్చిన చప్పుడుకు వరండాలో కూర్చున్న పేషెంట్లందరూ తల తిప్పారు. ఆయన మెషిన్‌కు స్టెతోక్లిప్ తగిలించాను. మెషిన్‌లోంచి పేషెంటుకు ఏం వినబడుతోందో మేమూ వినడానికి వాడే గొట్టం అది. ఆయన ఎద్దుగంట కొట్టారు. నిండుగా మొదలైన మోత మధ్యలో విరిగింది. పైకీ కిందికీ ఊగుతూ, గరగరలాడుతూ పోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

లతకు ఇచ్చాను. ఆమె విని గొట్టం చెవిలోంచి తీసేసింది.

"ఇన్ని రోజులు ఇట్ల వింటున్నవా బాపూ?"

"నా తలకాయల్నే ఏదో అయిందనుకున్న బిడ్డా."

కారణం నాకు అప్పుడు తట్టింది. మెషిన్‌లోంచి బయటికి కారిన శబ్దం మళ్లీ దాని మైకులోకే వెళితే కూత పుడుతుంది. దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆ కూతను పట్టి అణచడానికి మెషిన్‌లోనే ఒక ఏర్పాటుంటుంది. ఒకే స్థాయిలో సాగే సన్నని శబ్దం ఏది వచ్చినా అది కూతేననుకుంటుంది. గంట మోత చివరికొచ్చేసరికి సరిగ్గా అలాగే ఉంటుంది. మెషిన్ తన పని తాను చేస్తూ గంటతో పోట్లాడుతోంది.

ఆ ఏర్పాటును ఆపేసి, మెషిన్‌లో సంగీతం కోసం విడిగా ఒక సెట్టింగ్ పెట్టాను. అప్పుడు కూత రాకుండా ఉండాలంటే చెవిలో మెషిన్ బిగుతుగా కూర్చోవాలి. అందుకని చెవికి కొత్తగా అచ్చు తీసి మోల్డు చేయించాను. అది పెట్టుకుని ఎద్దుగంట కొట్టినప్పుడు సాంబయ్య గారు ఆ మోత వెంటే చెవి ఒగ్గారు.

"పోతాంది... పోతాంది... ఆఁ, పోయింది," అన్నారు.

చిన్న మేకగంటల మోత మాత్రం ఆయన చెవికి దొరకలేదు. ఆ శబ్దాలను పట్టే శక్తి ఆ చెవుల్లో మిగల్లేదని, ఎంత పెంచినా లాభం లేదని ఉన్నమాట చెప్పాను. ఆయన ఒకదాన్ని కళ్లముందు ఊపి చూశారు. గంట నాలుక ఆడుతోంది. ఆయనకు ఏమీ వినబడడం లేదు. ఆ చిన్నవన్నీ ఏరి కూతురి ఒళ్లో పెట్టారు.

"ఇవి నువ్వు కొట్టు. పెద్దయి నేను చూస్కుంట."

ఖిలా వరంగల్ దగ్గర ఒక చిన్న హాలులో ప్రోగ్రామ్ జరిగింది. షెడ్డులో ఆయనతో పనిచేసినవాళ్లు కొందరు ముందువరసలో కూర్చున్నారు. సాంబయ్య గారు కొట్టిన ప్రతి గంటా నిండుగా సాగి, అణిగేదాకా ఆయన చెయ్యి లేవలేదు. లత మేకగంట కొట్టినప్పుడు ఆయన ఆమె మొహం వైపే చూస్తూ నిలబడ్డారు. మోత అయిపోయిందని ఆమె రెప్ప వాల్చాకే తర్వాతది కొట్టారు. ఒకచోట ఆమె రెప్ప ఎంతకీ వాలలేదు. ఆయనా కదల్లేదు. హాలంతా వాళ్లతోపాటు ఆగింది.

మా మెషిన్లను మనిషి మాట కోసమే తయారుచేస్తారు. మా పరీక్షలూ మాట చుట్టే తిరుగుతాయి. మాట తెలిస్తే కేసు అయిపోయినట్టే నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరొచ్చినా పరీక్షకు ముందే అడుగుతున్నాను, మీకు ఏ చప్పుడు కావాలి అని. చాలామంది వెంటనే చెప్పలేరు. మొన్న పరకాల నుంచి వచ్చిన ఒకావిడ, "పాలు పొంగే ముంగట సన్నగ ఓ సప్పుడొస్తది గదా మేడమ్, అది," అంది.

మరుసటిసారి ఆమె వచ్చినప్పుడు క్లినిక్‌లో స్టవ్ పెట్టి పాలు కాచాం.