గడప ముందు బొక్కెన

మా పెండ్లయిన ఏడు ఆలూరు టెంటు హాల్లో ఒక ఇంగ్లీషు సినిమా ఆడింది. తుపాకుల వాళ్ల కథ. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అప్పటికి నాకు తెలుగు అక్షరాలే రావు. అయినా ఆ దుమ్ము, ఓర్వకల్లు గుట్టల్లాంటి రాళ్లు, ఎండలో నిలబడి ఎటో చూసే మనుషులు... మా సీమనే ఎవరో కలగన్నట్టు ఉండింది.

చివర్లో తుపాకీ మనిషి ఒక ఒంటరి ఆడమనిషి ఇంటి ముందు గుర్రం దిగాడు. ఆమె బొక్కెనతో నీళ్లు తెచ్చి గడప ముందు పెట్టింది. అంతలో బయట లారీ హారన్ కొట్టింది. పరాయి ఊళ్లకు కూలికి పోవడాన్ని మేము సుగ్గి అంటాం. ఆ లారీ సుగ్గిది. నేను లేచాను, నా భార్యా లేచింది.

"కాళ్లకు నీళ్లు పెట్టింది సూడు. ఇంగ ఆయప్ప యాడికీ పోడు," అంది నేను లారీ ఎక్కుతుంటే.

ఆ తర్వాత నేను సుగ్గి నుంచి ఎప్పుడు వచ్చినా గడప ముందు బొక్కెన నిండుగా ఉండేది. కాళ్లు కడుక్కునేవాణ్ణి. మళ్లీ లారీ వచ్చేది.

ఈ ఎండాకాలం ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ కట్టు. ఒక మధ్యాహ్నం ఫోన్లో ఆ సినిమా దొరికింది, కింద తెలుగు అక్షరాలతో. ముసలితనంలో రాత్రిబడికి పోయి నేర్చిన చదువు నాది. కూడబలుక్కునే లోపల అక్షరాలు మాయమవుతాయి. అందుకే వేలితో ఆపి ఆపి చదివాను.

"ఏమప్పా, తుపాకులోళ్లు నిద్ర పోతాండారా? సప్పుడే లేదు."

"నేను సదివేదంకా కాల్సుకోకుండా నిలబడినారు మే."

సినిమాలో బాగున్నది ఆ నిశ్శబ్దమే. మబ్బు కోసం ఎదురుచూసిన వాళ్లకు ఆ చూపులు తెలుసు. బాగాలేనిది చెప్పాలంటే, అందరూ కాల్చేవాళ్లే, విత్తనం వేసేవాడు ఒక్కడూ లేడు. ఏం తిని బతుకుతారో! ఎదురెదురుగా నిలబడి, అవతలివాడు సిద్ధమయ్యేదాకా ఆగి కాల్చడం కూడా నేను నమ్మను. పగబట్టినవాడికి అంత మర్యాద ఉండదు.

సినిమాలో ఆ గడప వచ్చింది. నా భార్య నా ముంజేయి పట్టుకుంది.

"నీళ్లు పెట్టిందా?"

"పెట్టింది."

"కాళ్లు కడుక్కుంటాండాడా?"

ఆమెకు కనపడదు. ఏమైనా చెప్పొచ్చు. కానీ అబద్ధం నాకు చేతకాదు.

"గుర్రం తాగుతాండాది మే. దూరం పోవల్లంట. నీళ్లు దానికే."

ఫ్యాను తిరుగుతోంది.

"అయితే ఇన్నేండ్లు నేను పెట్టింది గూడా గుర్రానికేనా?"

ఫోన్లో ఆ మనిషి దుమ్ములోకి పోతున్నాడు.

"యాడుండాడు ఇప్పుడు?"

"చుక్కంత అయినాడు."

"కనపడకుండా పోయేదంకా సూడప్పా. లారీని నేనట్లే సూస్తాంటి."

చూశాను.