చెయ్యడ్డం డాక్టరుగారు

ఊళ్ళో అందరి పళ్ళూ చూసిన డాక్టరుగారి పళ్ళు మాత్రం ఎవరూ చూడలేదు. నవ్వొస్తే చాలు, కుడిచెయ్యి చటుక్కున నోటికి అడ్డం వచ్చేసేది. ఆయన పెళ్ళి ఫొటోలో కూడా అంతే. చెయ్యడ్డం డాక్టరుగారని పేరు పడిపోయింది.

"దీపం కిందే చీకటి! ఆయన నోట్లో ఒక్కటీ మిగల్లేదట," అనేది మేనత్త.

"మరి ఎలా తింటారత్తా?" అనేది పదో తరగతి చదివే మేనకోడలు.

"గోడవైపు తిరిగి తింటాడట!"

ఆ పిల్ల మాత్రం నవ్వేది కాదు. ఒకప్పుడు ఇల్లెగిరిపోయేలా నవ్విన పిల్లే. ముందుపన్ను పుచ్చి నల్లబడ్డాక మూతి బిగించేసింది. ఇంట్లోవాళ్ళు పొగరనుకున్నారు. బళ్ళో నాటకాల మాస్టారు పగలబడి నవ్వే ముసలమ్మ వేషం ఏరికోరి ఇస్తే, "నాకు రాదు సార్" అని వదిలేసుకుని, ఇంటికొచ్చి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

ఆ వారమే డాక్టరుగారు బడికొచ్చారు. పుచ్చుపళ్ళు ఆ వయసు పిల్లల బతుకునెంత ఇబ్బంది పెడుతున్నాయో కొలవాలట. ముందు అందరి నోళ్ళూ చూశారు. తర్వాత, తినడం కష్టంగా ఉందా, నిద్ర చెడుతోందా, నవ్వాలంటే సిగ్గేస్తోందా, అవునంటే చెయ్యెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"భేష్! సగం నోళ్ళు పుచ్చులే, అయినా అందరూ పరమానందంగా ఉన్నారన్నమాట. సరే, ఓ కథ వినండి. ఒకాయనకు పన్ను పీకాను. 'ఇది కాదండీ, పక్కది' అన్నాడు. 'ముందే చెప్పొచ్చుగా?' అంటే, 'నోట్లో మీ చెయ్యుందిగా!' అన్నాడు."

తాతలనాటి జోకు. అయినా తనే ముందు నవ్వారు, చెయ్యడ్డం పెట్టుకుని. ఆయన్ని వెక్కిరిస్తూ క్లాసంతా చేతులడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది. ఆ సందట్లో ఆ పిల్లా హాయిగా నవ్వేసింది. కాసేపటికి వెక్కిరింపు చేతులన్నీ దిగిపోయాయి. ఒక్క చెయ్యి మాత్రం దిగలేదు. డాక్టరుగారు చూశారు.

బడి వదిలాక గేటు దగ్గర ఆ పిల్లని పలకరించారు. ఏ పన్నని అడగలేదు, నొప్పెంతనీ అడగలేదు.

"దానివల్ల ఏం మానేశావమ్మా?"

"ముసలమ్మ వేషమండీ," అంది, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే.

"నాటకం ఎప్పుడు?"

"వచ్చే శుక్రవారం."

"అయితే రేపే అమ్మతో వచ్చెయ్. పీకనులే. పుచ్చు తీసి, పన్ను రంగులోనే పూడ్చేస్తా. ఆ వేషం ఇంకెవరికీ ఇవ్వొద్దని మీ మాస్టారితో నేను చెబుతాను."

శుక్రవారం ముసలమ్మ హాలు దద్దరిల్లేలా నవ్వింది. ముందువరసలో డాక్టరుగారు, రెండు చేతులూ ఒళ్ళోనే పెట్టుకుని, నోరారా నవ్వారు. పక్కనున్న మేనత్త బిత్తరపోయింది.

"అయ్యో, అన్నీ ఉన్నాయే! మల్లెమొగ్గల్లా ఉన్నాయే!"

నాటకం అయ్యాక ఆ పిల్లే అడిగింది. "మరి ఇన్నాళ్ళూ ఆ చెయ్యెందుకండీ?"

"నోరు దాచుకునేవాళ్ళు ఒక్కళ్ళే అయిపోకుండా తోడుకమ్మా," అన్నారాయన. మర్నాడు ఇంకో బడికి వెళ్ళారు, చెయ్యి మళ్ళీ అడ్డం.

ఆ రోజులు పోయాయి, డాక్టరుగారూ లేరు. ఆ పిల్లే ఇప్పుడు మేనత్త. పన్ను దిట్టంగానే ఉంది. అయినా మూతి బిగించుకున్న పిల్లలెవరైనా ఇంటికొస్తే, ముందు ఆ తాతలనాటి జోకు చెబుతుంది. చెప్పి తనే నవ్వుతుంది, చెయ్యడ్డం పెట్టుకుని.