చిక్కగా కాచిన తిప్పతీగ

నాకు భయమేస్తే ముందు కోపం వస్తుంది. ఆ రోజు కర్నూలు నుంచి ఇంటికి వచ్చీ రాగానే అమ్మ మీద అరిచింది అందుకే.

ఒంటిమిట్ట దగ్గర మాది నేతగాళ్ళ ఊరు. అమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. తలెత్తి నవ్వింది. ఆమె కళ్ళలో తెల్లగా ఉండాల్సినదంతా పచ్చగా ఉంది.

“మా, నీ కండ్లేంది ఇట్లుండాయి?”

“పచ్చ పోగు నేస్తాండా కదా పాపా, ఆ రంగే నీకట్ల కనపడతాండాది,” అంది.

అమ్మకు రెండేళ్ళుగా కీళ్ళవాతం. పొద్దున్నే వేళ్ళు ఉబ్బిపోయి, తెగిన పోగు అతకలేక ఏడ్చేది. డాక్టరు రాసిన మాత్ర వారానికొకటి వేసుకునేది. నేనేమో కర్నూలులో ఒక ప్రయోగశాలలో తిప్పతీగ సారం మీద పనిచేస్తున్నాను. ఒంట్లో వాపు రేగినప్పుడు మన రక్షణ కణాలు చక్కెరను ఆబగా మండించుకుంటాయి. ఆ బలంతోనే వాపును ఇంకా ఎగదోస్తాయి. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద మా సారం పోస్తే ఆ ఆబ తగ్గింది. అది చూసిన రోజు నా కడుపులో మాట ఆగలేదు. అమ్మకు ఫోన్ చేశాను.

“పలచగా పోస్తే అవి లెక్కచేయవు మా. బాగా చిక్కగా పోస్తేనే దారికొస్తాయి,” అని గొప్పలు పోయాను.

ఎవరితో అంటున్నానో ఆలోచించలేదు. అమ్మ జన్మంతా పడుగుకు గంజి కాచిన మనిషి. గంజి పలచనైతే పోగు తెగుతుంది. అప్పుడు మళ్ళీ పొయ్యి మీద పెట్టి చిక్కబరచడమే ఆమెకు తెలిసిన పని. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి చూస్తే, గంజి కాచే సత్తు గిన్నె అడుగున వేలికంటుకునే నల్లటి పాకం ఉంది. పెరటి కంచె మీద తిప్పతీగ మొదలంటా కోసేసి ఉంది.

“ఎంత తాగుతాండావు?”

“దినానికి ఒక గలాసు. నాలుగు గలాసుల నీళ్ళు పోసి, ఒకటయ్యేదాకా కాస్తాండా. నువ్వే కదా చిక్కగుండాలంటివి.”

అమ్మను మగ్గం గుంటలోంచి లేపాను. ఆటో ఎక్కించి కడప తీసుకుపోయాను. నేను పెద్దగా దేవుణ్ణి నమ్మే మనిషిని కాదు. దారిలో ఒంటిమిట్ట గుడి గోపురం కనపడగానే చేతులు వాటంతటవే లేచాయి.

రక్తపరీక్ష చూసి డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. కాలేయం బాగా వాచిందన్నాడు. కషాయమే చేసిందో, మాత్రతో కలిసి చేసిందో ఇప్పుడే చెప్పలేనని, రెండూ ఆపమన్నాడు. “ఎవరమ్మా నీకిది తాగమంది?” అని గట్టిగా అడిగాడు.

“ఎవురూ చెప్పలా సార్. పక్కింటోళ్ళు తాగుతాంటే నేనూ తాగినా,” అంది అమ్మ.

పక్కనే నిలబడి ఉన్నాను. నేనే చెప్పానని ఒప్పుకోలేదు. పిరికిదాన్ని.

అమ్మను ఆసుపత్రిలోనే ఉంచేశారు. కాలేయం చెడితే మత్తు కమ్ముతుందని, మత్తుగా పడుకుంటే వెంటనే పిలవమని నర్సు చెప్పింది. అందుకని అమ్మ కునుకు తీసినప్పుడల్లా లేపేదాన్ని. చీరకు ఎన్ని పోగులు, ఏ రంగు అంచు అని ఏదో ఒకటి అడిగేదాన్ని. సరిగ్గా చెబితే గుండె కుదుటపడేది. “పండుకోనియ్యవా నన్ను!” అని తిట్టేది. ఆ తిట్లే నాకు ధైర్యం.

ఆరో రోజు పొద్దున, వాపు తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అమ్మ నా వైపు తిరిగి, “పాపా, ఆ గిన్నెలో కణాలుండాయి కదా, తర్వాత ఏమైనాయి అవి?” అంది.

ఆ ప్రశ్నకే ఆరు రోజులుగా భయపడుతున్నాను.

“చిక్కగా పోసిన గిన్నెల్లో రెండోనాటికి సగం చచ్చిపోయినాయి మా.”

అమ్మ లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది.

“ఆ మాట గూడా తెలిసిన పొద్దే చెప్పింటే, పలచగా కాచుకుందును కదా,” అంది.