బెన్‌బెక్యులా నుంచి స్టోర్నోవేకి సగం దారి

దెయ్యం కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నేను మత్తు డాక్టర్ని. "కళ్లారా చూశాను" అనేవాళ్లను ఆ కళ్లే ఎంత మోసం చేస్తాయో నాకు తెలుసు. అందుకని ఇందులో దెయ్యం లేదు. ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉంది.

స్కాట్లాండ్‌కి పడమటి దీవుల్లో పనిచేస్తున్న రోజులవి. అక్కడ జబ్బు ముదిరితే బెన్‌బెక్యులా ఎయిర్‌పోర్ట్ నుంచి స్టోర్నోవేలోని పెద్దాసుపత్రికి చిన్న విమానంలో తీసుకెళ్లాలి. అరవై మైళ్ల పైచిలుకు, అరగంట ప్రయాణం. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త. దారికి పట్టే టైముకి రెట్టింపు ఆక్సిజన్ పెట్టుకోవడం మా పద్ధతి.

ఆ మధ్యాహ్నం పేషెంట్ ఆరేళ్ల అనన్య. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ నుంచి సెలవులకొచ్చిన తెలంగాణ కుటుంబం వాళ్లది. ఆస్తమా తిరగబెట్టి పాపకి ఊపిరి అందడం లేదు. విమానంలో నేను, పాప, వాళ్ల నాన్న శ్రీకాంత్, ముందు పైలట్. చోటు లేక తల్లి రన్‌వే దగ్గరే ఉండిపోయింది.

ఉత్తరపు గాలి ఎదురుగా కొడుతోంది. పాపకి అనుకున్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాల్సొచ్చి మొదటి సిలిండర్ గేజ్ ముల్లు ఎర్రగీత మీదికి దిగింది. రెండోది తెరవబోతే వాల్వ్ బిగుసుకుపోయింది. బలమంతా పెట్టినా కదల్లేదు.

ఇంకా సగం దారి ఉందన్నాడు పైలట్. ఉన్న ఆక్సిజన్ అందులో సగానికి కూడా రాదు. పాప నా చేతుల్లోనే పోతుందని భయపడ్డాను.

అప్పుడు మాస్కులోంచి అడిగింది పాప. "ఆర్ వీ దేర్ యెట్, డాడీ?"

మనవాళ్లెవరైనా చెప్పే అబద్ధమే ఆయనా చెప్పాడు. మంచం దిగకుండానే ఫోన్లో "దార్లో ఉన్నా" అనే జాతి కదా మనది!

"వచ్చినం బిడ్డా, ఇగో వచ్చేసినం."

ఆ మాట పూర్తయిందో లేదో, చక్రాలు నేలకి తగిలాయి. కిటికీలో స్టోర్నోవే టెర్మినల్, మా వైపు వస్తున్న అంబులెన్స్. నేను అరిచానో ఏడ్చానో గుర్తులేదు. మర్నాడు అనన్య మంచం మీద కూర్చుని టోస్ట్ కోసం పేచీ పెట్టింది. నా సర్వీసులో అంత ఇష్టంగా విన్న పేచీ ఇంకోటి లేదు.

పైలట్‌ని అడిగితే వింతేమీ లేదన్నాడు. ఎదురుగాలికి మామూలుకన్నా ఎక్కువే పట్టిందట. నా వాచీదీ అదే మాట. పోనీ, భయంలో నాకు టైము తెలియలేదనుకుందాం. మరి సిలిండర్? "సగం దారి" అన్నప్పుడు ముల్లు ఎక్కడుందో, దిగేసరికీ అక్కడే ఉంది. గేజ్ పరీక్ష చేయించాను. దోషం లేదు.

మిగతా సగం దారి ఆ పిల్ల ఏం పీల్చుకుని వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. శ్రీకాంత్ అన్న ఆ "వచ్చేసినం" మాటే తర్వాత మా పిల్లలతో బర్మింగ్‌హామ్ ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు అన్నానో! ఒక్కసారీ పనిచేయలేదు.

అనన్య ఇప్పుడు స్కూల్ తరఫున పరుగుపందేలకి వెళ్తోంది. మొన్న శ్రీకాంత్ వీడియో పంపాడు. అందరికన్నా ముందు, నోరు తెరుచుకుని, గుండెనిండా గాలి పీలుస్తూ గీత దాటుతోంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి కూడా గట్టిగా అరిచేశాను.

"వచ్చేసినం బిడ్డా!"